జయపురం బాకీ

నేను ఎమ్మెస్సీ చదివింది వాల్తేరులో. మా సైన్సు కాలేజీ పూర్తి పేరు జైపూర్ విక్రమదేవ కాలేజ్ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ. అంత పొడుగు పేరు పలికే ఓపిక ఎవరికీ ఉండేది కాదు, జేవీడీ అనేసేవాళ్లం. ఆ జైపూర్ రాజస్థాన్‌లోది అనుకుని చదువు ముగించిన స్నేహితులు నాకున్నారు. అది మన ఏజెన్సీ కొండల అవతలే ఉందని, పొద్దున కిరండూల్ పాసింజరు ఎక్కితే సాయంత్రంలోపే దిగొచ్చని నాకు తెలుసు. తెలిసీ వెళ్లలేదు. ఫిజిక్సు పాఠాలు చెప్పి రిటైరయ్యాక, మొన్న నవంబరులో, ఆ ఊరు చూడకుండా ఇంకో ఏడాది గడవకూడదని బయల్దేరాను.

ఇంకో కారణమూ ఉంది. నా చెల్లెలి ఇల్లు రాయగడలో. దాని కూతురు భువనేశ్వర్‌లో సిద్ధాంత భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. సెలవులకు ఇంటికొచ్చింది, "మామయ్యా, ఒకసారి రండి, నా పని మీకు చెప్పాలి" అని ఫోన్ చేసింది. అందుకే దారి కాస్త చుట్టు తిప్పుకున్నాను. ముందు జయపురం, అక్కణ్నుంచి కొరాపుట్, దామన్‌జోడి మీదుగా రాయగడ.

అరకు దాటాక కొండవాలంతా వలిసె పూలు. రైలు సొరంగంలోంచి బయటపడిన ప్రతిసారీ పసుపు. కొరాపుట్ దగ్గర చలి పట్టుకుంది. అక్కడి నుంచి రైలు కిందికి దిగి జయపురం చేరుతుంది. తెలుగువాళ్లం జయపురం అంటాం, ఒడియావాళ్లు జైపుర్ అంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాయే. స్టేషన్ బయట ఆటో అతను నా మొహం చూసి తెలుగులోనే అడిగాడు, "ఎక్కడికి బాబూ?" అని. జగన్నాథ సాగరం గట్టు మీదికి అన్నాను.

ఆ చెరువు గట్టు మీద కూచుని విక్రమదేవ వర్మ గురించి ఆలోచించాను. 1869లో పుట్టాడు, 1931లో గద్దెనెక్కాడు, 1951లో పోయాడు. తెలుగూ ఒడియా రెండూ తన భాషలే అన్నట్టు బతికిన పండితుడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరు చేరింది. అప్పటికి దానికి సైన్సు కాలేజీ కట్టే స్తోమత లేదు. ఏటా లక్ష రూపాయలు ఇస్తానన్నాడు జయపురం రాజు. 1930ల నాటి లక్ష! ఆ డబ్బు ఎక్కడిదో కూడా చెప్పుకోవాలి. ఈ కొండల్లో చోళ్లు, వరి పండించిన పరజలు, గదబలు, కొందులు కట్టిన శిస్తుల సొమ్ము అది. కాలేజీకి రాజు పేరు పెట్టడం న్యాయమే. రైతుల పేరు ఎక్కడా లేదు కనుక నేను ఇక్కడ రాస్తున్నాను.

ఆ లక్షలతో ఏం పండింది? ఒక్క ఉదాహరణ చాలు. 1932లో సూరి భగవంతం గారు ఆ భౌతికశాస్త్ర శాఖలో చేరారు. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లి మనిషి, ఇరవై ఏళ్లు నిండకుండానే కలకత్తా వెళ్లి రామన్ గారి దగ్గర పనిచేసినవాడు. ఆయన, టి.వెంకటరాయుడు గారు కలిసి సమూహ సిద్ధాంతాన్ని భౌతికశాస్త్ర సమస్యలకు ఎలా వాడాలో ఒక పుస్తకం రాశారు. 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తే అచ్చువేసింది. ఆ పుస్తకం నా సంచీలో ఉంది, అట్ట ఊడిపోయి, దారంతో కట్టి.

అందులో విషయం మన వాకిట్లో ముగ్గు లాంటిదే. ఆరు రేకుల ముగ్గును ఆరో వంతు తిప్పితే తిప్పినట్టే తెలియదు. దాన్ని సౌష్ఠవం అంటాం. ఏయే కదలికల తర్వాత ముగ్గు మళ్లీ అదే ముగ్గుగా కనబడుతుందో వాటన్నిటినీ జట్టుగా కడితే అది సమూహం. స్ఫటికాల్లో ఇలాంటి అమరికలు మొత్తం 230 రకాలు, అంతకు మించి ఉండవు. ఒక స్ఫటికం ఏ రకమో తెలిస్తే చాలు, దాని మీద వెలుగు పడితే ఏ కంపనం కనబడుతుంది, ఏది కనబడదు అన్నది ప్రయోగం చేయకుండానే చెప్పొచ్చు. రామన్ గారు కళ్లతో చూసినదాన్ని భగవంతం గారు కాగితం మీద లెక్కగట్టి చూపించారు. వాల్తేరులో సిద్ధాంత భౌతికశాస్త్రం అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఇదే.

1980లలో ఈ కథ ఇంకో మలుపు తిరిగింది. పదార్థాల తేడాలన్నీ సౌష్ఠవంతోనే వస్తాయని అప్పటిదాకా నమ్మకం. 1980లో ఫాన్ క్లిట్సింగ్ క్వాంటం హాల్ ప్రభావం కనిపెట్టాక, సౌష్ఠవంలో ఏ తేడా లేకపోయినా రెండు పదార్థాలు వేరువేరు స్థితుల్లో ఉండొచ్చని తేలింది. గారెకూ ఇడ్లీకీ ఉన్న తేడా అది. పిండిని ఎంత నొక్కినా సాగదీసినా, చింపకుండా ఇడ్లీకి చిల్లు పెట్టలేం. చిల్లు ఉందా లేదా, ఉంటే ఎన్ని, అనే లెక్క సగంలో ఆగదు, పూర్ణాంకమే. అందుకే ఆ పదార్థంలో విద్యుత్తు కొలత కూడా మెట్లు మెట్లుగా, కచ్చితంగా వస్తుంది. థౌలెస్, హాల్డేన్, కోస్టర్‌లిట్జ్‌లకు ఈ దారిలో చేసిన పనికే 2016లో నోబెల్ ఇచ్చారు. 2019లో పరిశోధక బృందాలు తెలిసిన స్ఫటికాల జాబితాలన్నీ జల్లెడ పట్టాయి. వాటిలో దాదాపు నాలుగో వంతుకు ఈ గారె గుణం ఉంది. జల్లెడ దేనితో పట్టారనుకున్నారు? ఆ 230 సమూహాల లెక్కలతోనే. జయపురం గట్టు మీద ఆ మాట తలుచుకుంటే సంచీలోని పుస్తకం బరువు చేతికి తెలిసింది.

మర్నాడు ఘాటీ బస్సెక్కి కొరాపుట్ వెళ్లాను. గుట్ట మీది జగన్నాథుడి గుడిని శబర శ్రీక్షేత్రం అంటారు. అక్కణ్నుంచి కుందులి సంతకు. ఆ సంత నేను ఎన్నటికీ మరవను. అల్లం బుట్టలు, పసుపు కొమ్ములు, కోళ్లు, ఇత్తడి కడియాలు, ఆకు దొన్నెల్లో మండియా పేజ. పేజ అంటే మన చోడి అంబలే. కువి, పరజ, దేశియా, ఒడియా, తెలుగు, ఒక్కసారే అన్ని భాషల్లో బేరాలు. ఒక మూల అల్లం ధర పడిందన్న మాట పుడితే, నేను అంబలి తాగి లేచేలోపే సంతంతా ఆ ధరే. సంత సంగతి మళ్లీ రాయగడలో వస్తుంది.

కొరాపుట్‌లో రాయగడ రైలెక్కాను. దామన్‌జోడి స్టేషన్‌లో పక్క పట్టాల మీద అల్యూమినా వ్యాగన్లు నిలబడి ఉన్నాయి. నాల్కో ఇక్కడ పంచపట్‌మాలి కొండ మీద బాక్సైటు తవ్వుతుంది. తవ్విన ఎర్రమట్టి 14.6 కిలోమీటర్ల కన్వేయర్ మీద శుద్ధి కర్మాగారానికి దిగొస్తుంది. కాస్టిక్ సోడాతో ఉడికిస్తే మాలిన్యం ఎర్ర బురదగా విడిపోయి, చివరికి తెల్లటి అల్యూమినా పొడి మిగులుతుంది. కొంత అంగుల్‌కు పోయి లోహం అవుతుంది, కొంత విశాఖ రేవులో ఓడెక్కుతుంది.

ఆ తెల్లపొడిని చూసి నేను కిటికీ దగ్గరే నిలబడిపోయాను. ఒక రకం క్వాంటం కంప్యూటర్ల గుండెకాయ అదే. అల్యూమినియాన్ని 1.2 కెల్విన్ కంటే కిందికి, అంటే సున్నా సెల్సియస్‌కు దాదాపు 272 డిగ్రీల దిగువకు చల్లబరిస్తే దాని నిరోధం పూర్తిగా పోతుంది. అప్పుడది అతివాహకం. ఎలక్ట్రాన్లు జంటలు కట్టి, కోట్లకొద్దీ జంటలు ఒకే తరంగంలా నడుస్తాయి. రెండు అల్యూమినియం పొరల మధ్య మీటరులో వందకోట్లో వంతు, రెండు వంతుల మందాన అల్యూమినియం ఆక్సైడు పెడితే, అది జోసెఫ్‌సన్ సంధి. ఆ ఆక్సైడే రసాయన రూపంలో ఈ వ్యాగన్లలో ఉన్న అల్యూమినా. అడ్డుగోడ లాంటి ఆ పొరలోంచి జంటలు దూరిపోతాయి. చేత్తో పట్టుకోగలిగే విద్యుత్ వలయం మొత్తం ఒకే క్వాంటం వస్తువులా ప్రవర్తిస్తుందని క్లార్క్, డెవొరే, మార్టినిస్ 1984, 85లలో చూపారు. నా ప్రయాణానికి నెల ముందే వారికి 2025 నోబెల్ ప్రకటించారు.

అయితే ఈ కొండల బాక్సైటు గురించి రాస్తూ దాని వెల చెప్పకపోతే తప్పు. దామన్‌జోడి చుట్టూ భూములు పోయిన ఊళ్లున్నాయి. రాయగడ, కలహండి జిల్లాల మధ్య నియమగిరి మీద బాక్సైటు తవ్వాలా వద్దా మీరే తేల్చండని 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలకు వదిలింది. పన్నెండు గ్రామసభలు కూడాయి, పన్నెండూ వద్దన్నాయి. ఆ డోంగ్రియా కొందుల మాట నాకు ఏ శాస్త్రం కంటే తక్కువది కాదు. ఒక చిప్పు మీద జోసెఫ్‌సన్ సంధులకు కావాల్సిన అల్యూమినియం రవ్వంత. కొండలు తవ్వేది వేరే అవసరాలకు. శాస్త్రం పేరు చెప్పి ఆ లెక్కలు కలిపేయకూడదు.

కాకిరిగుమ్మ, లక్ష్మీపూర్ రోడ్, టికిరి. సొరంగాల తర్వాత సొరంగాలు. చీకటి పడ్డాక రాయగడ.

రాయగడ దిగితే ఒడిశాలో దిగినట్టు ఉండదు. బోర్డులు ఒడియాలో, మాటలు తెలుగులో. 1992 అక్టోబరు 2న కొరాపుట్ నుంచి విడదీసి దీన్ని జిల్లా చేశారు గానీ, బజారుకూ బంధుత్వాలకూ పార్వతీపురమే దగ్గర. పొద్దున్నే చెల్లెలు "అన్నయ్యా, ముందు అమ్మవారి దర్శనం, తర్వాతే మీ లెక్కలు" అని మజ్జిగౌరమ్మ గుడికి తీసుకుపోయింది. అక్కడ అమ్మవారికి ముఖమే ఉంటుంది. మా మేనకోడలు గంట కొట్టి, మోత ఆగేదాకా వేలు ఎత్తి నిలబడింది. తర్వాత అంది.

"విన్నారా మామయ్యా? గంట కళ్లకు కనబడకపోయినా, మోత వింటే పెద్దదా చిన్నదా చెప్పేయొచ్చు. కృష్ణబిలం కూడా అంతే."

నాకు తెలిసిన సంగతే, కానీ గుడిలో విన్నప్పుడు కొత్తగా ఉంది. 1970లో సి.వి.విశ్వేశ్వర అనే బెంగళూరు యువకుడు, కృష్ణబిలాన్ని కదిపితే అది గంటలా మోగి క్రమంగా చల్లారుతుందని లెక్కగట్టాడు. కృష్ణబిలాలు అసలున్నాయా అని చాలామంది అనుమానించే రోజులవి. ఆ మోతను బట్టి దాని ద్రవ్యరాశి, భ్రమణం రెండూ తెలుస్తాయి. ఆ మోత మనదాకా గురుత్వ తరంగంగా వస్తుంది. 2015 సెప్టెంబరు 14న లైగో పరికరం అలాంటి తరంగాన్ని మొదటిసారి పట్టింది. 2025 జనవరి 14న, మనకు సంక్రాంతి మధ్యాహ్నం, అంతకంటే ఎంతో స్పష్టమైన తరంగం వచ్చింది. 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన, ఒక్కొక్కటి మన సూర్యుడికి ముప్పై రెట్లకు పైగా బరువున్న రెండు కృష్ణబిలాలు కలిసిపోయిన మోత అది. కలవకముందు వాటి ఉపరితలాల మొత్తం 2.4 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కంటే కొంచెం తక్కువ. కలిశాక 4 లక్షలు. మన రెండు రాష్ట్రాలూ ఒడిశా కలిపితే దాదాపు అంత. ఉపరితలం ఎప్పుడూ తగ్గదని హాకింగ్ 1971లో చెప్పిన సూత్రానికి ఇంత గట్టి సాక్ష్యం ఇదివరకు లేదు.

"తగ్గనిది ఇంకేముంది మామయ్యా?" అని అడిగింది.

"ఎంట్రొపీ. కలగాపులగానికి కొలత."

"అదే బెకెన్‌స్టైన్ పట్టుకున్నాడు. ఉపరితలమే ఎంట్రొపీ అన్నాడు. ఎంట్రొపీ ఉంటే వేడి ఉండాలి. 1974లో హాకింగ్ ఆ వేడిని లెక్కగట్టాడు. అక్కడే చిక్కొచ్చింది."

ఆ చిక్కు మాట్లాడుకుంటూ చెకగుడ దగ్గర నాగావళి మీది వేలాడే వంతెన దాకా నడిచాం. జేకేపూర్ కాగితం మిల్లు 1962 నుంచి ఉన్న ఊరు కనుక నేను కాగితంతో అడిగాను. ఒక నోటు పుస్తకం తగలబెట్టామనుకో. పొగ, బూడిద, వెలుగు, అన్నీ ఒక్క రేణువూ వదలకుండా పట్టుకోగలిగితే, సూత్రప్రాయంగా అందులోని రాత మళ్లీ చదవొచ్చు. క్వాంటం నియమం ప్రకారం సమాచారం చావదు. కానీ కృష్ణబిలంలో పడేస్తే? హాకింగ్ లెక్కలో బయటికొచ్చే వేడికి ఆ రాతతో సంబంధమే లేదు. బిలం ఆవిరై పోతే రాతా పోయినట్టే. నలభై ఏళ్లకు పైగా పెద్దపెద్దవాళ్లు దీని మీద తర్జనభర్జన పడ్డారు. 1993లో డాన్ పేజ్, సమాచారం మిగలాలంటే బయటి వికిరణపు ఎంట్రొపీ మొదట పెరిగి తర్వాత తగ్గాలని గీత గీశాడు. 2019లో పెనింగ్టన్, విడిగా అల్మ్‌హైరీ బృందం, గురుత్వాకర్షణ లెక్కల్లోంచే ఆ గీతను రాబట్టారు. రాత ఏ దారిన బయటికొస్తుందో పూర్తిగా తేలలేదు గానీ, పోదని ఇప్పుడు చాలామంది నమ్ముతున్నారు.

"మరి నీ పనేమిటమ్మా ఇందులో?"

"వింత లోహాలు."

మామూలు లోహంలో ఎలక్ట్రాన్లు ఎవరి దారిన వాళ్లు నడిచే మనుషుల్లాంటివి. అప్పుడప్పుడూ ఒకరినొకరు రాసుకుంటారు. బాగా చల్లగా ఉన్నప్పుడు ఆ రాపిడి వల్ల వచ్చే నిరోధం ఉష్ణోగ్రత వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రాగి ఆక్సైడు అతివాహకాల్లో, అతివాహకం కాని స్థితిలో, నిరోధం నేరుగా ఉష్ణోగ్రతతో పాటే పెరుగుతుంది. ఎందుకో నలభై ఏళ్లుగా తేలలేదు. అక్కడ ఎలక్ట్రాన్‌కు విడి మనిషి అన్న ఉనికే లేదంటారు. 1993లో సుబీర్ సచ్‌దేవ్, జిన్‌వు యే ఒక నమూనా రాశారు. ప్రతి కణమూ మిగతా కణాలన్నిటితో, ఏ వరసా లేకుండా ముడిపడి ఉంటుంది. 2015లో కిటాయెవ్ దాన్ని ఇంకొంచెం సులువు చేసి, ఆ నమూనా తక్కువ ఉష్ణోగ్రతలో చూపే నడకకూ ఒక రకం కృష్ణబిలం నడకకూ సమీకరణం ఒకటేనని చూపాడు. ముగ్గురి పేర్లూ కలిపి ఎస్‌వైకే నమూనా అంటారు.

నాకు కుందులి సంత గుర్తొచ్చింది. పల్లెలో మాట ఇంటి నుంచి ఇంటికి పాకుతుంది. సంతలో ఎవరైనా ఎవరితోనైనా మాట్లాడతారు కనుక ఒక్క మాట క్షణంలో అందరిదీ అవుతుంది. ఎవరు మొదట అన్నారో తీయడం అసాధ్యం. చెప్పాను.

ఆమె వంతెన మధ్యలో ఆగిపోయింది. "ఎంత బాగుంది మామయ్యా! మాటను అలా కలిపేయడంలో అన్నిటికంటే వేగం కృష్ణబిలానిది. ఆ వేగానికి ఒక హద్దుందని 2015లో మాల్దసేనా, షెంకర్, స్టాన్‌ఫర్డ్ లెక్కగట్టారు. ఎస్‌వైకే, కృష్ణబిలం రెండూ ఆ హద్దు మీదే నిలబడతాయి."

"అయితే ఆ లోహం లోపల కృష్ణబిలం ఉన్నట్టా?"

"కాదు మామయ్యా." ఈ మాట గట్టిగానే అంది. "లెక్క ఒకటి, వస్తువు ఒకటి కాదు. 2022లో క్వాంటం కంప్యూటర్ మీద తొమ్మిది క్యూబిట్లతో వర్మ్‌హోల్, అంటే స్థలకాలంలో సొరంగం, చేశామన్నారు, పేపర్లన్నీ రాశాయి. అంత చిన్న నమూనాతో అంత మాట అనకూడదని చాలామంది అభ్యంతరం చెప్పారు. నేనూ వాళ్ల పక్షమే."

ఆ పట్టుదల చూసి నాకు కడుపు నిండింది. రాయగడ ఒడియా మీడియం బడిలో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడి, ప్లస్ టూలో ఒక్కసారిగా ఇంగ్లీషులో పడి మునిగి తేలిన పిల్ల. ఆ ఏడాది తన ఊళ్లో ఫిజిక్సు అడగడానికి మనిషి లేక వారంవారం నాకు ఫోన్ చేసేది. ఇప్పుడు భువనేశ్వర్‌లో 1972 నాటి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్ ఉంది, నైసర్ అనే సైన్సు విద్యాసంస్థ ఉంది. అక్కడిదాకా చేరిన పిల్లకు దారి దొరుకుతుంది. రాయగడ నుంచి అక్కడిదాకా చేరడమే కష్టం.

అమరావతికి 156 క్యూబిట్ల క్వాంటం కంప్యూటర్ తెస్తామని ఐబీఎం, టీసీఎస్‌లతో కలిసి ప్రభుత్వం 2025లో ప్రకటించింది. మంచిదే. యంత్రాన్ని కొనొచ్చు. దాన్ని అడగాల్సిన ప్రశ్న తెలిసిన మనిషి తయారవడానికి ఇరవై ఏళ్లు పడుతుంది, ఆ ఇరవై ఏళ్లు తొమ్మిదో తరగతిలో మొదలవుతాయి. జయపురం రాజు ఇది ఎరిగినవాడు. తెచ్చి చూపించే వస్తువు కాకుండా, మనుషుల్ని తయారుచేసే కాలేజీకి ఏటేటా డబ్బు కట్టాడు. ఆ డబ్బు కొండ దిగి వాల్తేరు చేరింది. మా తరం చదువుకుంది, ఉద్యోగాలు చేసింది, అమెరికా వెళ్లింది. తిరిగి కొండెక్కి వచ్చింది చాలా తక్కువ. ఇది మా మీద ఉన్న బాకీ అని నేను నమ్ముతున్నాను.

భగవంతం, వెంకటరాయుడు గార్ల పుస్తకం మేనకోడలికి ఇచ్చేశాను. జనవరి నుంచి నెలకు రెండు ఆదివారాలు రాయగడలో ప్లస్ టూ పిల్లలకు తెలుగులోనూ నాకు వచ్చినంత ఒడియాలోనూ ఫిజిక్సు చెప్తానని మాటిచ్చి వచ్చాను. చెల్లెలు తన ఇంటి ముందు గది ఖాళీ చేసి నల్లబల్ల కట్టించింది. కొరాపుట్‌కూ జయపురానికీ ఇలాంటి గదులు కావాలి, ఒక్కడి వల్ల కాదు. జేవీడీలో చదివినవాళ్లు, పాఠం చెప్పిన చెయ్యి ఇంకా ఆడుతున్నవాళ్లు నాతో రండి. విశాఖలో రైలెక్కితే విజయనగరం, పార్వతీపురం మీదుగా నాలుగైదు గంటల్లో రాయగడ.